వయస్సు – పాట – అభిరుచి

ఉద్దేశం

మనిషి పెరిగేకొద్దీ అతని సంగీతాభిరుచి ఏ విధంగా మారుతుందో, ఆ మార్పుకు వయస్సుతోపాటు పని, ఆచారం, యంత్రం, సహవాసం ఎట్లా కారణమవుతాయో తెలియజేయడం. తెలుగువారి గానసంప్రదాయంలోని కొన్ని ఘట్టాలను ఆ దృష్టితో పరిశీలింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంగీతాన్ని ఇష్టపడని మనిషి అరుదు. ఐతే ఆ ఇష్టం ఒక్కచోట నిలిచి ఉండేది కాదు. శిశువులు, పశువులు, సర్పాలు సైతం గానరసాన్ని ఎరుగుతాయని పెద్దలు చెప్పిన మాట ప్రసిద్ధం. గానం సమస్త ప్రాణులనూ వశపరచుకొంటుందన్న సంగతి ఆ మాటలో ఉంది. ఊయలలో జోలపాటకు నిద్రించిన శిశువు 16 ఏళ్ళ ప్రాయంలో అదే పాట వినిపిస్తే ఎందుకు నవ్వుతాడో, 60 ఏళ్ళకు అదే చెవిన పడితే ఎందుకు కంటతడి పెడతాడో మాత్రం అందులో లేదు. మనం పరిశీలింపవలసినది ఆ విషయాన్నే.

మన ప్రాచీనులలో ఈ రుచిభేదాన్ని గుర్తించి చెప్పినవాడు భరతముని. నాట్యశాస్త్రంలో సిద్ధివ్యంజకమనే అధ్యాయం ఉంది. ప్రదర్శన రక్తికట్టినదా లేదా అని నిర్ణయించే పద్ధతులు అందులో వివరింపబడినాయి. ప్రేక్షకులందరి రుచి ఒక్క తీరుగా ఉండదని ఆ సందర్భంలో భరతుడు అంటాడు. యువకులు శృంగారాన్ని చూచి సంతోషిస్తారు. పండితులకు శాస్త్రప్రసంగం ప్రీతికరం. ధనాపేక్ష కలవారికి ధనప్రసక్తి ఇంపు. విరాగులకు మోక్షచింతన హితవు. శూరులు వీరరౌద్రాలను, యుద్ధాలను మెచ్చుకొంటారు. వృద్ధులు ధర్మకథలను, పురాణాలను వినగోరుతారు. ఈ మాటలు నాటకాన్ని ఉద్దేశించినవే ఐనా, నాట్యంలో గీతం అంతర్భాగం గనుక పాటకూ వర్తిస్తాయి. గమనింపదగిన విశేషం మరొకటి ఉంది. వృద్ధుల రుచి ఉన్నతమని గాని, యువకుల రుచి హీనమని గాని భరతుడు అనలేదు. ఎవరికి ఏది ఇంపో చెప్పి ఊరుకొన్నాడు. తరువాతి కాలపు పెద్దలలో ఆ ఓర్పు అంతగా కనబడదు.

ఐతే భరతుడు గీచిన గీత అందరి జీవితాలకూ సరిపోదు. తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) చూడండి. క్రీ.శ. 1424లో, 16 ఏళ్ళ ప్రాయంలో, ఆయన సంకీర్తనరచన ఆరంభించినట్లు తిరుమల రాగిరేకులవల్ల తెలుస్తున్నది. అంటే ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే విద్యార్థి వయస్సు. అప్పటినుండి 79 ఏళ్ళపాటు ఆ రచన సాగింది. సంకీర్తనలు 32,000 అని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము చెబుతున్నది. నేడు 14,000కు పైగా లభిస్తున్నాయి. వాటిని అధ్యాత్మ సంకీర్తనలనీ, శృంగార సంకీర్తనలనీ రెండుగా విభజించారు. లభించినవాటిలో అధికభాగం శృంగారానివే. యౌవనంలో శృంగారం, వార్ధక్యంలో వైరాగ్యం అనే లెక్క ఈ మహాకవి దగ్గర కుదరదు. అంతేకాదు, జోలలు, ఉయ్యాలలు, సువ్విపాటలు, గొబ్బిపాటలు, జాజరలు – పల్లెపడుచుల నోళ్ళలో నానిన వరుసలన్నీ ఆయన సంకీర్తనలలోకి వచ్చినాయి. పసితనంలో విన్న పాట ఎంతటి పండితునిలోనైనా కరగిపోకుండా నిలిచి ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

త్యాగరాజస్వామి (1767–1847) విషయమూ ఇట్టిదే. తల్లి నోట పురందరదాసు, భద్రాచల రామదాసు కీర్తనలు విని ఆయన పెరిగినాడని సంప్రదాయం. ఘనరాగ పంచరత్నాలవంటి ప్రౌఢరచనలు చేసిన ఆ చేయే దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను రచించింది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుండి గొంతు కలపదగిన తేలిక వరుసలు అవి. ప్రహ్లాద భక్తివిజయంలో రామదాసును ఆయన భక్తితో తలచుకొన్నాడు. నేర్చిన విద్య ఎంత ఎత్తుకు ఎదిగినా తల్లి పాడిన పాట అడుగున ఉండనే ఉంది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు అడుగున ఏటేటా చేరే ఒండ్రు వలె కొత్త పాట పాత పాటపై పొరగా పేరుకొంటుంది. పైపొర మాత్రమే కంటికి కనబడుతుంది గనుక రుచి పూర్తిగా మారిపోయిందని మనం భ్రమిస్తాము.

ఇష్టం అనే మాటను ఇంతవరకు సులువుగా వాడుతూ వచ్చాము. ఒకదానిని ఇష్టపడడానికి ముందు ఎన్నుకొనే వీలుండాలి కదా! వందేళ్ళ క్రిందట ఒక సామాన్య గృహిణికి గాని, రైతుకు గాని ఆ వీలు ఏపాటిది? పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలంనాటి పాటలను పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు వాటిలో కొన్ని. ఆ పేర్లను కొంచెం నిదానించి చూడండి. ప్రభాతం ఒక వేళ. వెన్నెల మరొక వేళ. నివాళి ఒక క్రియ. పాడే సందర్భాన్నిబట్టి పాటకు పేరు వచ్చింది. పాడేవాని ఇష్టానికి అక్కడ పెద్దగా చోటు లేదు.

తెలంగాణ పల్లెలోని స్త్రీ జీవితాన్నే తీసుకొందాం. పసిబిడ్డగా ఆమె జోలపాట వింటుంది. ఎనిమిది తొమ్మిదేళ్ళకు తోటి పిల్లలతో బొడ్డెమ్మ ఆడుతూ పాడుతుంది. కొంచెం ఎదిగినాక బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో పెద్దల వెంట గొంతు కలుపుతుంది. పెండ్లినాడు అప్పగింతల పాట ఆమెను ఉద్దేశించి ఇతరులు పాడతారు. ఆమె చేయవలసినది ఏడ్వడమే. అత్తవారింట ఇసుర్రాయి ముందు, వరినాట్లలో, కలుపుతీతలో పాడుతుంది. తల్లియై జోలపాటను తానే పాడుతుంది. పెద్దతనంలో మంగళహారతులు, ఏకాదశి భజనలు ఆమెవి. ఇన్ని మారినా ఏ పాటనూ ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. వయస్సు, పని, వావి ఆమె చేతికి అందించినవే. ఒకే జోలపాట ఆమె జీవితంలో మూడుసార్లు వస్తుంది – తాను విన్నపుడు, బిడ్డకు పాడినపుడు, మనుమరాలికి పాడినపుడు. పాట మారలేదు, ఆమె నిలిచిన చోటు మారింది. ఇట్టి గేయాలను సేకరించి, వింగడించి, ఆచార్య బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సిద్ధాంతగ్రంథం రచించేనాటికి అవి ఇంకా పొలాలలోనూ, వాకిళ్ళలోనూ సజీవంగా వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన 'తెలుగు జానపద గేయసాహిత్యము' పల్లెపాటను విద్యాపీఠానికి పరిచయం చేసిన తొలి గ్రంథాలలో ఒకటి.

ఇబ్రహీంపట్నం పేరు వినగానే గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా జ్ఞప్తికి వస్తాడు. తెలుగు కవులు మల్కిభరాముడని అభిమానంగా పిలుచుకొన్న ప్రభువు ఆయన. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితం చేశాడు. ఆయన కాలపు కవియే కందుకూరి రుద్రకవి. ఈయన రచించిన సుగ్రీవవిజయం నేడు మనకు లభిస్తున్న ప్రాచీన యక్షగానం. ఆ కావ్యాన్ని ఇక్కడ తలచుకోవడానికి కారణం ఉంది. యక్షగానం ముందు తాతా మనుమడూ ఒకే చాపమీద కూర్చుంటారు. వాలిసుగ్రీవుల కుస్తీకి పిల్లవాడు కేరింతలు కొడతాడు. భార్యను కోల్పోయిన రాముని విరహం యువకుని హృదయానికి తగులుతుంది. వాలి మరణవేళ చెప్పే మాటలను ముసలివాడు చెవియొగ్గి వింటాడు. గానం ఒక్కటే, మూడు వయస్సులవారు తమకు కావలసినదానిని దానినుండి ఏరుకొంటారు. చిందు యక్షగానం, ఒగ్గుకథ, శారదకథ – ఇవన్నీ ఆ కోవలోనివే. ఒక్కొక్క వయస్సుకు ఒక్కొక్క సంగీతాన్ని విడదీసి పెట్టవలసిన అవసరం ఆనాటి సమాజానికి తోచలేదు.

ఆ స్థితిని మార్చినది యంత్రం. ముందు గ్రామఫోను వచ్చింది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు నల్లని పళ్ళెంలో ఇమిడి కలవారి ఇండ్లకు చేరినాయి. 1932 ఫిబ్రవరి 6న తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వెలసింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది. రేడియోకు ఒక మీట ఉంటుంది. దానిని కుడికి త్రిప్పితే ఒక కేంద్రం, ఎడమకు త్రిప్పితే మరొకటి. తెలుగు మనిషి తన పాటను తానే ఎన్నుకొనే అవకాశం విస్తారంగా ఏర్పడినది ఆ చిన్న మీటతోనే. తండ్రికి కచేరీ, కొడుకుకు సినిమా పాట, తల్లికి భక్తిరంజని. ఇంట్లో రేడియో ఒక్కటే ఉండడంవల్ల తగవులూ అప్పుడే ఆరంభమైనాయి.

ఈ తగవు ఇంటికే పరిమితం కాలేదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసారశాఖ బాధ్యతలు డాక్టర్ బి.వి. కేస్కర్ స్వీకరించారు. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు యువతరం రుచిని చెరుస్తున్నాయని ఆయన దృఢవిశ్వాసం. ఆకాశవాణిలో వాటి పాలును ఆయన బాగా తగ్గించారు. నిర్మాతలతో వివాదం వచ్చి అవి దాదాపు వినిపించకుండా పోయినాయి. ఏమైంది? జనం రేడియోలను కట్టిపెట్టలేదు. మీట త్రిప్పి సింహళ రేడియో పట్టుకొన్నారు. అమీన్ సయానీ నిర్వహించిన 'బినాకా గీత్‌మాలా' హిందీ పాటల కార్యక్రమం దేశమంతటా మారుమ్రోగింది. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే 'వివిధ భారతి' పేరుతో జనరంజక ప్రసారాలను ఆరంభింపవలసి వచ్చింది. కేస్కర్ ఉద్దేశం చెడ్డది కాదు. ఎందరో శాస్త్రీయ విద్వాంసులకు ఆకాశవాణి నీడనిచ్చింది. సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా ఆకాశవాణి పెంచిన లలితసంగీతం తెలుగులో ఉత్తమ ఫలాలనిచ్చింది. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు ఆ రంగాన్ని తీర్చిదిద్దారు. కాని యువకుని చెవిని ఉత్తరువులతో త్రిప్పడం ఎవరి తరమూ కాదు. తరగతిలో మందలించి పాట మాన్పించే అధ్యాపకులు సైతం ఈ చరిత్రను ఒకసారి చదవడం మంచిది.

వయస్సుతోపాటు పాట మారడం ఒక్క జీవితంలోనే స్పష్టంగా చూడగోరితే ఘంటసాల వేంకటేశ్వరరావుగారి చరిత్రను పరిశీలించాలి. 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో ఆయన జన్మించారు. ఆయన విన్న మొదటి సంగీతం తండ్రి సూరయ్యగారు పాడే నారాయణతీర్థుల తరంగాలు. తండ్రి పాడుతుంటే పసివాడు అడుగులు వేసి ఆడేవాడు. బాల్యంలోనే తండ్రి గతించారు. సంగీతం నేర్చి తీరాలన్న పట్టుదలతో విజయనగరం వెళ్ళి, పట్రాయని సీతారామశాస్త్రిగారికి శిష్యులై, మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకొంటూ చదివారు. ఆ దశలో ఆయన పాట త్యాగరాజకీర్తన. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. తరువాత మద్రాసు చేరి నేపథ్య గాయకులుగా, సంగీత దర్శకులుగా పేరుపొందారు. 'పాతాళభైరవి' (1951), 'లవకుశ' (1963) చిత్రాల సంగీతం ఆయనదే. 'దేవదాసు' (1953)లోని విషాదగీతాలు ఆయన గళం నుండి వెలువడినవే. కరుణశ్రీ పద్యాలను పాడి రికార్డులుగా ఇచ్చారు. జీవితపు చివరి అంకంలో భగవద్గీత శ్లోకాలను ఎన్నుకొని తెలుగు తాత్పర్యంతో గానం చేశారు. ఆ గీతాగానం లోకానికి అందకముందే 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు.

తరంగంతో మొదలై గీతతో ముగిసిన ఆ ప్రయాణం గాయకునిది మాత్రమే కాదు, శ్రోతలది కూడ. 1953లో 20 ఏళ్ళ యువకుడు దేవదాసు పాటకు కరిగి నీరైనాడు. 1974 నాటికి అతనికి 41 ఏళ్ళు. సంసారం, అప్పు, పిల్లల చదువు అతని తలపై ఉన్నాయి. గీతాగానం అతనికి ఆ సమయంలో అందింది. పాడేవారూ వినేవారూ కలిసి పెద్దవారైనారు. గొంతు మాత్రం అదే. అందుచేత ఆ తరానికి గీత అంటే ఘంటసాల గొంతే.

ఆ తరువాత జరిగినది విచారకరం. ఇటీవలి దశాబ్దాలలో ఆ గీతాగానం తెలుగునాట చావు ఇంటికి గుర్తుగా మారింది. శవయాత్ర వాహనంపై అది మ్రోగుతుంది. వీధిలో వినిపించగానే పిల్లలు "ఎవరు పోయారు?" అని అడుగుతారు. గీతాబోధ యుద్ధభూమిలో, చేతులు జారవిడిచిన ఒక వీరుని లేపి నిలబెట్టడానికి జరిగినది. బ్రతికి చేయవలసిన కర్తవ్యాన్ని చెప్పిన గ్రంథాన్ని మరణవార్త చేసినది మనమే. తాతకు ధైర్యమిచ్చిన గానం మనుమనికి భయకారణమైంది. పాటలోని ఒక్క స్వరమైనా మారలేదు. అది మొదటిసారి ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భంలో చెవిన పడినదో అదే మన ఇష్టాయిష్టాలను నిర్ణయిస్తుందనడానికి ఇది తగిన దృష్టాంతం.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయంపై కొంత పరిశోధన చేశారు. పుట్టి మూడు రోజులైనా కాని శిశువులు ఇతర స్త్రీల గొంతుకంటె తల్లి గొంతునే వినగోరుతారని డికాస్పర్, ఫైఫర్ అనేవారు 1980లో నిరూపించారు. చిన్నపిల్లలు ఎట్టి సంగీతాన్నైనా అభ్యంతరం లేకుండా వింటారని, పది పన్నెండేళ్ళు దాటేసరికి ఆ తెరచిన చెవి కొంత మూసుకొంటుందని మరికొందరు గమనించారు. హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే అమెరికా పరిశోధకులు 1989లో ప్రకటించిన ఫలితం ఆసక్తికరం. వివిధ వయస్సులవారికి వేర్వేరు సంవత్సరాల పాటలు వినిపించి చూడగా, తమకు సుమారు 24 ఏళ్ళు ఉన్నపుడు ప్రచారంలో ఉన్న పాటలనే వారు అన్నిటికంటె మిన్నగా ఎంచుకొన్నారు. 2013లో కేంబ్రిడ్జి పరిశోధకులు రెండున్నర లక్షలకు పైగా వ్యక్తుల సమాధానాలను పరిశీలించారు. కౌమారంలో తీవ్రమైన, బిగ్గరగా మ్రోగే సంగీతంపై మోజు. తొలి యౌవనంలో నృత్యానికి, సరదాకు తగిన సమకాలీన సంగీతం. నడివయస్సులో శాస్త్రీయ సంగీతం, సాదాసీదా పల్లెబాణీ పాటలు – ఈ క్రమం వారికి కనబడింది. వయస్సు పెరిగేకొద్దీ సంగీతానికి కేటాయించే కాలం తగ్గుతుందని కూడ వారు చెప్పారు. భరతుని మాటలకు ఇది చాలావరకు దగ్గరగా ఉండడం గమనార్హం.

యౌవనపు పాటకు ఇంతటి బలం ఎక్కడిది? మొదటి స్నేహం, మొదటి వియోగం, ఇల్లు విడిచిన మొదటి ప్రయాణం, మొదటి జీతం – జీవితంలో మొదటివి అనదగినవి అధికంగా జరిగేది ఆ పదేళ్ళలోనే. అప్పుడు వినిపించిన పాట ఆ జ్ఞాపకాలతో ముడిపడుతుంది. పైగా ఆ వయస్సులో పాట ఒక జెండా వంటిది. ఏ పాట పాడతాడో దానినిబట్టి అతడు ఎవరివాడో తోటివారు తెలుసుకొంటారు. తెలంగాణలో గద్దర్, గోరటి వెంకన్న పాటలతో పెరిగిన ఒక తరానికి పాట ఉద్యమమే. వారిలో అనేకులు ఇప్పుడు నడివయస్కులు. ఆ పాట విన్నపుడు వారి వెన్ను నేటికీ నిటారు అవుతుంది. వారి పిల్లలకు అది మంచి పాట, అంతవరకే.

ఐతే ఒక తరం పాట మరొక తరానికి చేరదని అనుకోరాదు. 1980లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 'శంకరాభరణం' విడుదలైంది. శాస్త్రీయ సంగీతానికి కాలం చెల్లినదని పెద్దలు నిట్టూర్చుతున్న రోజులు అవి. కె.వి. మహదేవన్ సంగీతానికి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గానాలకు జాతీయ పురస్కారాలు లభించాయి. బాలసుబ్రహ్మణ్యం క్రమపద్ధతిలో శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు కారు. అట్టి గాయకుని ద్వారానే కర్ణాటక రాగాలు వేలాది యువకుల నోటికి ఎక్కినాయి. కేస్కర్ ఉత్తరువు సాధింపలేనిదానిని ఒక సినిమా సాధించింది. అదీ కేస్కర్ శంకించిన సినిమాయే! 1996లో ఈటీవీలో అదే బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా' ఆరంభించారు. పదేళ్ళ పిల్లలు తమ తాతల కాలపు పాటలను అక్షరం తప్పకుండా పాడడం తెలుగు ఇళ్ళు అప్పుడు చూచినాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2013లో ఇట్టి విషయాన్నే గుర్తించారు. అక్కడి విద్యార్థులకు తాము ఎదుగుతున్నపుడు వచ్చిన పాటలతోపాటు తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలూ, అంతకుముందు తరంవారి పాటలూ ప్రీతిపాత్రాలుగా ఉన్నాయట. ఇంట్లో, ప్రయాణంలో తల్లిదండ్రులు వింటూ ఉంటే పిల్లల చెవిన పడినవే అవి. కోరి విన్నవి కావు. ప్రక్కన ఉండడంవల్ల వినిపించినవి.

ఆ 'ప్రక్కన ఉండడం' అనేదే నేడు ప్రశ్నార్థకమైంది. యాచారం, మంచాల గ్రామాలనుండి ఇబ్రహీంపట్నం కళాశాలలకు వచ్చే బస్సులో చూడండి. ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క పాట. డ్రైవరు పెట్టే పాటను అందరూ వినవలసి వచ్చిన కాలం పోయింది. కొడుకు ఏమి వింటున్నాడో తండ్రికి తెలియదు. తండ్రి పాట కొడుకు చెవిని తాకదు. ఎన్నుకొనే వీలు ఇంత విస్తారంగా మునుపెన్నడూ లేదు. 2023 మార్చిలో చంద్రబోస్ రచనకు, కీరవాణి స్వరరచనకు ఆస్కార్ బహుమానం వచ్చిన 'నాటు నాటు' పాట క్షణాలలో ప్రపంచమంతా తిరిగింది. తెలుగు పల్లె చిందు లాస్ ఏంజెలిస్ వేదికనెక్కడం మనకు గర్వకారణమే. ఐతే అవ్వ పాటకు ఆ తెరపై చోటు లేదు. అది ఏ యంత్రంలోనూ ఎక్కలేదు. ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి పాడితేనే అది వినిపిస్తుంది.

పాట నిలవడానికి పని కూడ ఉండాలి. ఇసుర్రాయి మూలకు చేరినపుడే దాని పాట ఆగిపోయింది. చెరువు క్రింది వరిమళ్ళలో నాట్లు వేసే కూలీల వరుసలు పలుచబడినాయి. ఆదిబట్లలో విమాన విడిభాగాలు తయారుచేసే కర్మాగారాలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలసినాయి. రహదారికి ఇరువైపులా పొలాలు ప్లాట్లుగా మారినాయి. ఉపాధి వచ్చింది, దానిని కాదనడం అవివేకం. నడుము విరిగే నాటుపనిలో ఆడకూతుళ్ళు మళ్ళీ వంగాలని పాటకోసం కోరడం అంతకంటె అవివేకం. కాని ఆ పనితో పెరిగిన పాట ఏ ఇతర పనిలోకీ మారలేదు. నేటి బిడ్డకు పైపొరలు ఎన్నో ఉన్నాయి. అన్నమయ్యకూ త్యాగయ్యకూ దక్కిన అడుగుపొర మాత్రం నానాటికి సన్నబడుతున్నది.

ఈ మార్పు బతుకమ్మ పండుగనాడు బాగా తెలుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్రపండుగగా ప్రకటించింది. తొమ్మిది దినాలలో చివరిది సద్దుల బతుకమ్మ. ఆ సాయంత్రం స్త్రీలందరూ బతుకమ్మలతో చెరువుగట్టు చేరుతారు. కొన్నేళ్ళుగా పెద్దపెద్ద స్పీకర్లు అక్కడికి వస్తున్నాయి. ఏటేటా కొత్తగా చిత్రీకరించి విడుదల చేసే బతుకమ్మ పాటలు వాటిలో మ్రోగుతాయి. యువతులు వాటికి తగిన అడుగులు నేర్చుకొని చక్కగా ఆడతారు. పండుగకు వారివల్ల కొత్త కళ వచ్చింది. పాతపాటకు మరొక నియమం ఉంది. ఒక పెద్దామె చరణం ఎత్తుకొంటుంది. వలయమంతా ఉయ్యాల పదంతో బదులు పలుకుతుంది. కథ పొడవైనది. చరణం మరచిపోతే ప్రక్కనున్నామె అందిస్తుంది. బదులు పలికే పదేళ్ళ పిల్ల అట్లా ఏటేటా వింటూ యాభయ్యేళ్ళకు తానే చరణం ఎత్తుకొనేది అవుతుంది. పెట్టెలో మ్రోగే పాటకు బదులు పలుకనక్కరలేదు. స్పీకర్ల హోరుకు దూరంగా, గట్టు చివర, నలుగురైదుగురు అవ్వలు తమ బతుకమ్మను నేలపై పెట్టుకొని పాత వరుసలో పాడుతూ ఉంటారు. వారి చుట్టూ చేరే వలయంలో బదులు పలకడానికి ఒకరిద్దరు చిన్నపిల్లలు అప్పుడప్పుడు చేరుతుంటారు.

అభ్యాసం

1. ప్రేక్షకుల రుచిభేదాన్ని గూర్చి భరతముని చెప్పిన విషయాలను తెలిపి, అవి అన్నమాచార్యుని విషయంలో ఎంతవరకు సరిపోతాయో చర్చించండి.
2. "పాట మారలేదు; ఆమె నిలిచిన చోటు మారింది." – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
3. ఆకాశవాణిలో సినిమా పాటలను తగ్గించిన వృత్తాంతాన్ని తెలిపి, దానిపై మీ అభిప్రాయాన్ని వ్రాయండి.
4. ఘంటసాల గీతాగానం విషయంలో రచయిత ఎందుకు విచారపడినారు? వారి అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?
5. కింది పదాలను విడదీసి సంధి పేర్కొనండి: సంగీతాభిరుచి, తపతీసంవరణోపాఖ్యానం, ఇష్టాయిష్టాలు, ప్రశ్నార్థకం.
6. మీ ఇంటిలోని లేదా వీధిలోని 60 ఏళ్ళు దాటిన ఒకరిని కలిసి, వారు బాల్యంలో, యౌవనంలో, ఇప్పుడు ఇష్టపడిన పాటలను అడిగి తెలుసుకోండి. ముద్రణలో లేని పాట ఏదైనా వారికి వస్తే దానిని పూర్తిగా వ్రాసుకొని తరగతిలో వినిపించండి.